ఎలుకల పుట్టిల్లు

ఆ వేసవి మూడో కోతలో బెనిల్దె ట్రాక్టరు మీద కూర్చున్న సేపు కంటే దిగి నిలబడ్డ సేపే ఎక్కువ. పది గజాలు సాగితే చాలు, కోతయంత్రం కత్తుల్లో మట్టి ఇరుక్కునేది. దిగి, ఇనపకడ్డీతో పొడిచి, మట్టి రాల్చి, తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కేది. ఆ మట్టంతా ఎలుకలు తోడి పోసింది. చేనంతా గుప్పెడు గుప్పెడు కుప్పలు. కుప్పల మధ్య బొటనవేలు పట్టేంత కన్నాలు. కన్నం నుంచి కన్నానికి గడ్డి కొరికి తీర్చుకున్న సన్నటి బాటలు. మోకాలు దాటి లేవాల్సిన లూసర్న్ గడ్డి గజ్జి పట్టిన కుక్క ఒంటి మీద బొచ్చులా అక్కడో కుచ్చు ఇక్కడో కుచ్చు మిగిలింది.

అవేమీ పెద్ద జంతువులు కావు. తోక కురచ, మూతి మొద్దు, గుప్పిట్లో పట్టేంత ఒళ్ళు. ఒక్కటి దొరికితే పిల్లలు ముద్దు చేస్తారు. కానీ ఆ యేడు విల్లసౌకో ఊరి చుట్టుపక్కల ఒక్కటంటూ ఎవరికీ కనబడలేదు. కనబడితే మందలే. కాలవ గట్టు మీద నడుస్తుంటే కాళ్ళ ముందు నేల కదిలినట్టుండేది. గొర్రెలు మేతకి వంగి, ఉలిక్కిపడి తలెత్తేవి.

చేను చివర పాప్లర్ చెట్టు నీడలో, కుర్చీ వేసుకుని బెనిల్దె మొగుడు కూర్చున్నాడు. పేరు తెయోదులో. తుంటి ఎముక అరిగిపోయి అతను ట్రాక్టరు ఎక్కడం మానేసి చాలా కాలమైంది. పనంతా ఆమెదే. అయినా కోత రోజున చేనికి రాకుండా ఉండలేడు.

"దున్నేద్దామే," అన్నాడు, ఆమె మంచినీళ్ళకి వచ్చినప్పుడు.

"ఏంటి?"

"ఈ చేను. దీని వయసైపోయింది. వేరుతో సహా తిరగేస్తే గాని ఇవి పోవు. బార్లీ వేసుకుందాం."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ముందు నిన్ను దున్నుతా," అని బెనిల్దె సీసా అతని ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

ఆమెకి అంత మండడానికి కారణముంది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఆ పొలంలో బార్లీ తప్ప ఇంకోటి వేసే ఆలోచన ఎవరికీ లేదు. కాలవ నీళ్ళు పక్కనే ఉన్నాయి కదా, లూసర్న్ వేద్దాం, గొర్రెలకీ సరిపోతుంది, అమ్ముకోనూ వచ్చు అని ఆమె అంటే మామగారు పళ్ళెం పక్కకి తోసి, "మా వంశంలో గడ్డి తిన్నవాళ్ళున్నారు గాని గడ్డి పండించినవాళ్ళు లేరు" అన్నాడు. ఆయన బతికుండగానే వేసింది. మొదటి కోతకి చేను చూడడానికి ఊరు ఊరే గట్టు మీద నిలబడింది. ఇప్పుడున్నది ఆమె వేసిన మూడో లూసర్న్. దున్నాల్సిన ఈడు దాటి రెండేళ్ళయిందని ఆమెకీ తెలుసు. ఇంకో ఏడాది వస్తుంది, ఇంకో ఏడాది, అని నెట్టుకొస్తోంది.

*

ఆ వారంలోనే ఊరి హాల్లో సభ పెట్టారు. ముందు బల్ల దగ్గర నీటి సంఘం అధ్యక్షుడు ఒనేసిమో కూర్చున్నాడు. బెనిల్దె మొగుడికి పెదనాన్న కొడుకు. కాలవ తూములు ఎప్పుడు ఎవరికి తెరవాలో చెప్పేది ఆయనే కాబట్టి ఊళ్ళో ఆయన నవ్వితే అందరూ నవ్వుతారు. పక్కన జిల్లా నుంచి వచ్చిన వ్యవసాయాధికారి, ఓ కుర్రమ్మాయి, ఎండకి ముక్కు కమిలిపోయి ఉంది.

"గోధుమ చేను ఏటా దున్నుతారు. బొరియలు చెదిరిపోతాయి. లూసర్న్ అలా కాదు. ఐదారేళ్ళు నేల కదలదు. ఎండాకాలం తిండి, చలికాలం ఇల్లు, రెండూ అక్కడే. అక్కడ పెరిగి మిగతా పొలాల మీద పడతాయి. పాత లూసర్న్ చేలు దున్నేయడం మంచిది," అందామె.

తలలన్నీ బెనిల్దె వైపు తిరిగాయి.

"విన్నావా అమ్మాయ్," అన్నాడు ఒనేసిమో. "మనూరి ఎలుకలకి నీ చేను పుట్టిల్లంట. పురుళ్ళన్నీ అక్కడే పోస్తున్నావంట."

హాలంతా నవ్వింది. బెనిల్దె లేచి నిలబడింది.

"పుట్టిల్లు నాదైతే అత్తారిల్లు మీది బావగారూ. అవి కాపురానికొచ్చింది మీ మొక్కజొన్నలోకే. కోడళ్ళని మీరు బాగానే మేపుతున్నారు, ఒళ్ళు చేసున్నాయి."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది. ఒనేసిమో నవ్వలేదు.

నవ్వు ఆగేదాకా ఆగి ఆమె అసలు మాట అడిగింది. దున్నడం కాదు, నీళ్ళు కావాలి. చేను నిండా నీళ్ళు పెడితే బొరియలు మునుగుతాయి, ఎలుకలు బయటికొస్తాయి, గట్టు మీద కుక్కలతోనూ పారలతోనూ నిలబడితే చాలు. పాతరోజుల్లో అలాగే చేసేవారు. తన నీటి వంతు వచ్చేనెల గాని రాదు. కాస్త ముందుకు జరపండి.

"నీళ్ళు మొక్కజొన్నకీ బీటుదుంపకీ," అన్నాడు ఒనేసిమో. "నీ ఎలుకల స్నానాలకి కాదు. గట్ల మీద మందు పెడదాం. సంఘం తెప్పించింది."

మందంటే విషం పట్టించి ఎర్ర రంగు అద్దిన గోధుమ గింజ. అధికారి అమ్మాయి గొట్టం పెట్టి చూపించింది. ఒక్కో కన్నంలో కొంచెం పోసి మడమతో మట్టి తొక్కాలి. ఒక్క గింజ కూడా పైన కనబడకూడదు. పిట్టలు తింటాయి, కుందేళ్ళు తింటాయి. ఆ మాట ఆమె రెండుసార్లు చెప్పింది. ఒనేసిమో రెండుసార్లూ తలూపాడు.

*

బెనిల్దె చేను పైన, చిన్న దిబ్బ మీద గుండ్రటి మట్టి పావురాల మేడ ఉంది. అది ఆమె పుట్టింటివాళ్ళది. తల్లి పోయాక ఆమె చేతికొచ్చింది. లోపల గోడలంతా అరలు, అరకో జంట. పొద్దున్నే చిన్న తలుపు తోస్తే రెక్కల చప్పుడు మీదికి దూకేది. పండగలకి పావురం పిల్లల్ని కోసి ఉల్లిపాయలతో ఉడికించడం ఆ ఇంట్లో వంట. మిగతా రోజుల్లో ఊరికే చూడడానికి వెళ్ళేది. పనికిరాని సంతోషం తనకి అదొక్కటే అనేది.

సభ జరిగిన కొన్నాళ్ళకి ఓ పొద్దున తలుపు తోస్తే ఏ చప్పుడూ రాలేదు.

నేల మీద పడి ఉన్నాయి. అరల్లోనూ ఉన్నాయి, మెడలు కిందికి వాలి. కొన్నిటి ముక్కుల దగ్గర నెత్తురు ఎండిపోయింది. ఒకటింకా బతికే ఉంది. చేతిలోకి తీసుకుంటే కళ్ళు మూసింది. బెనిల్దె దాన్ని మెల్లగా అరలో పెట్టింది. తర్వాత జేబులోంచి రొట్టె కోసే కత్తి తీసి, చచ్చిన ఓ మగపావురం గొంతు సంచి చీల్చింది. ఎర్రటి గోధుమలు ఆమె అరచేతిలోకి జారాయి.

అక్కణ్ణుంచి తిన్నగా కాలవ గట్టుకి నడిచింది. కన్నాల్లో గింజ లేదు. గట్టు పొడుగునా, గడ్డి మీదా బాట మీదా, విత్తనం చల్లినట్టు ఎర్రగా పరుచుకుని ఉంది. ఎరువు చల్లే యంత్రం చక్రాల జాడ మట్టిలో లోతుగా పడింది. ఆ చక్రాలు ఎవరివో ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

ఇంటికొచ్చి రెండు పిడుల గంప తీసి, మళ్ళీ మేడకి వెళ్ళి చచ్చిన పావురాల్ని అందులోకి ఎత్తి తెచ్చింది. మామూలుగా కోపమొస్తే బెనిల్దె గొంతు మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఆ రోజు గొంతు లేవలేదు. అందుకే తెయోదులో భయపడ్డాడు.

"ఎక్కడికే?"

"బారుకి."

"నేనూ వస్తా ఉండు."

"నువ్వొచ్చేసరికి నేను తిరిగొస్తా," అని వెళ్ళిపోయింది.

భోజనానికి ముందు నలుగురూ పేకాడే వేళ. ఒనేసిమో గోడ వైపు కుర్చీలో కూర్చుని ముక్కలు పంచుతున్నాడు. బెనిల్దె ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి గంప బోర్లించింది. పావురాలు ముక్కల మీద, ద్రాక్షసారా గ్లాసుల మీద, ఆయన ఒళ్ళోనూ పడ్డాయి. ఒక గ్లాసు దొర్లి నేల మీద పగిలింది.

"ఏంటమ్మాయ్ ఇది?"

"మీ ఎలుకలు బావగారూ. రెక్కలొచ్చాయి, చూడండి."

ఆయన ఒళ్ళోని పావురాన్ని రెండు వేళ్ళతో పట్టి బల్ల మీద పెట్టాడు. "మందు పెట్టాలని సంఘం తీర్మానం చేసింది. నువ్వూ ఉన్నావు ఆ సభలో."

"కన్నంలో పెట్టమన్నారు."

"ఎన్ని కన్నాలున్నాయో చూశావా? ఒక్కో కన్నం ముందు మోకాళ్ళేసి చెంచాతో తినిపిస్తూ కూర్చుంటే క్రిస్మస్ వస్తుంది. ఈలోగా మొక్కజొన్న ఉండదు. పావురాలదేముంది, మళ్ళీ పుడతాయి. వాటికి అదే కదా పని."

ఎవరో చిన్నగా నవ్వబోయి ఆపేసుకున్నారు.

"నీ మనవరాలు ఆ గట్టు మీదే కదా సైకిలు తొక్కేది?" అంది బెనిల్దె. "మధ్యలో దిగి పూలు కోస్తుంది. మొన్న నేను చూశా. ఆ చేతులతోనే రొట్టె తింటుందా, నువ్వు కడుగుతావా?"

ఆమె ఆయన్ని 'నువ్వు' అనడం పెళ్ళైనప్పట్నుంచీ అదే మొదటిసారి. బారులో అందరికీ అది వినిపించింది. ఒనేసిమో మొహం నల్లబడింది.

"మాట జాగ్రత్త. తెయోదులో మొహం చూసి ఊరుకుంటున్నా."

"ఆయన మొహం ఆయనకే ఉంచు. నీ మొహం చూసుకో."

గంప అక్కడే వదిలేసి బయటికొచ్చింది. ఇంటికి వెళ్ళలేదు. ముందు సర్కారు పర్యావరణ కాపలావాళ్ళకి ఫోన్ చేసి గట్టు సంగతి చెప్పింది. తర్వాత చేనికి వెళ్ళి, అక్కడున్న ట్రాక్టరు పెట్టెలోంచి గునపం తీసి, నడిమధ్యాహ్నపు ఎండలో, దారిన పోయేవాళ్ళు చూస్తుండగానే, తూము తాళం బద్దలుకొట్టింది. ఇనపచక్రం తుప్పుకి మొరాయిస్తే రెండు చేతులా వేలాడి తిప్పింది. నీళ్ళు మొదట బురదగా, తర్వాత తెల్లగా ఆమె చేలోకి దూకాయి.

*

నీళ్ళు ముందు కన్నాల్లోకి ఇంకిపోయాయి. ఎక్కడికి పోతున్నాయో తెలియకుండా పోతూనే ఉన్నాయి. తర్వాత చేను గుటకలు వేస్తున్నట్టు బుడగలు కక్కింది. ఆ తర్వాత అవి వచ్చాయి. తడిసి బక్కచిక్కి, పిల్లల్ని నోట కరుచుకుని, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ. గొర్రెల కుక్కలు రెండూ మొదట మొరిగాయి, తర్వాత మొరిగే తీరిక లేక పనిలో పడ్డాయి. బెనిల్దె పార పట్టుకుని గట్టు వెంట అటూ ఇటూ పరుగెత్తింది. కొట్టిన ప్రతి దెబ్బకీ ఏదో ఒక మాట అంటూనే ఉంది. సగం మాటలు ఎలుకలకి కావు.

కుంటుకుంటూ వచ్చిన తెయోదులో కుర్చీ వేసుకుని, చేతికర్రతో తన దగ్గరికొచ్చినవాటిని తను కొట్టాడు. "కూర్చుని చేసే పని ఒకటి దొరికింది నాకు," అన్నాడు. ఆమె నవ్వలేదు. చర్చి గోపురం మీంచి కొంగలు దిగొచ్చి, నీటి అంచున పెద్దమనుషుల్లా నడుస్తూ, వంగి వంగి మింగాయి.

సాయంత్రానికి కాలవలో నీళ్ళు పడిపోయి, దిగువనున్న మొక్కజొన్నకి చుక్క రాక, ఒనేసిమో తన అన్న కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి తూము మూయించాడు. "సంఘంలో తేలుస్తా," అన్నాడు. బెనిల్దె పార మీద గడ్డం ఆనించి, "అక్కడే ఉంటా," అంది. ఒళ్ళంతా బురద, చేతులు బొబ్బలు. చాన్నాళ్ళ తర్వాత ఆమె ఆ రాత్రి వెల్లుల్లి చారులో రొట్టె ముంచుకుని కడుపునిండా తింది.

మర్నాడు పొద్దున్నే డోయినా వచ్చింది.

డోయినా రుమేనియా నుంచి వచ్చిన మనిషి. మొగుడు లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు. బెనిల్దె చేనికి బాట అవతల ఓ సన్నటి మడి కౌలుకి తీసుకుని క్యారెట్లు, ఉల్లికాడలు, మిరపకాయలు వేసి వారం వారం సంతలో అమ్ముకుంటుంది. నెమ్మదస్తురాలు. ఆమె గొంతు గట్టిగా లేవగా ఊళ్ళో విన్నవాళ్ళు లేరు. చేతిలో బకెట్ తెచ్చి బెనిల్దె గుమ్మంలో పెట్టింది. బకెట్ నిండా క్యారెట్లు. ఆకు బాగానే ఉంది. కింద దుంప చోట చెక్కేసిన పుల్లలా పీచు మాత్రం మిగిలింది.

"నిన్నటిదాకా నా మళ్ళో ఒక్క కన్నం లేదు. పొద్దున వెళ్ళి చూస్తే బాట పక్క సగం ఇలా ఉంది. మిరప మొదళ్ళు కొరికేశాయి," అంది.

"నీళ్ళు పెట్టా. ఇటు వచ్చి ఉంటాయి," అంది బెనిల్దె. గబగబా, "ఆ ఒనేసిమో నాకు వంతు ఇచ్చుంటే పద్ధతిగా చేసేదాన్ని. జనాన్ని పెట్టేదాన్ని. నా పావురాల్ని ఏం చేశాడో విన్నావా నువ్వు?"

"విన్నాను. మీ పావురాల్ని చంపింది ఆయన. నా క్యారెట్లు తిన్నవి మీవి."

"నావేంటి, నేను పెంచానా?"

"మీరు పెంచారు బెనిల్దెగారూ. రెండేళ్ళుగా చూస్తున్నాను. అందరూ దున్నమన్నారు, మీరు దున్నలేదు. అది మీ ఇష్టం, మీ చేను. నిన్న మీకు ఆయన మీద కోపమొచ్చింది. మీరు నీళ్ళు వదిలేముందు బాట దాటి నాతో ఒక్క మాట చెప్పుంటే, అవి దాటకుండా నేను నా గట్టున రేకులు పాతుకునేదాన్ని. పార పట్టి నేనూ వచ్చేదాన్ని. మీకు నేను గుర్తు రాలేదు. ఆయనకి మీ పావురాలు గుర్తు రానట్టే."

అంత కోపంలోనూ ఆమె 'మీరు' వదల్లేదు. అది బెనిల్దెని మరీ మండించింది.

"ఏం చెయ్యమంటావు ఇప్పుడు? నా గొర్రెపిల్లల్ని తెచ్చి కట్టెయ్యనా నీ గుమ్మంలో?"

"నాకు మీ గొర్రెలొద్దు. నా మళ్ళో ఉన్నవాటిని మీరే పట్టండి. మందు పెట్టకుండా. నేను అమ్మేది జనం తినేది," అని డోయినా బకెట్ అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

బెనిల్దె ఆ బకెట్‌ని కాలితో తన్నింది. తెయోదులో వంటింట్లోంచి చూస్తున్నాడు.

"ఏమన్నా అనాలనుంటే అను," అంది.

"నేనేం అనడంలేదు."

"అదే నీతో బాధ."

*

పార తీసుకుని చేనికి వెళ్ళింది. నిన్న నీళ్ళు చేను దిగువ సగానికే అందాయి. ఎగువ సగం ఎప్పటిలా పొడిగా ఉంది, కన్నాల ముందు కొత్త మట్టి తడిగా మెరుస్తోంది. రాత్రికి రాత్రే తోడుకున్నాయి. ఆమె ఓ చోట పార దింపి తవ్వింది. జానెడు లోతున గడ్డిపరకలతో అల్లిన గుండ్రటి గూడు, అందులో గులాబీ రంగులో, కళ్ళు తెరవని పిల్లలు. పక్కన ఇంకో గది. దాని నిండా అంగుళం అంగుళం ముక్కలుగా కొరికి పేర్చిన లూసర్న్ వేళ్ళు. ఆమె ఇంట్లో చలికాలానికి కట్టెలు కూడా అంత పొందిగ్గా పేర్చి ఉండవు.

పక్కనే పచ్చగా, ఏపుగా ఉన్న ఓ మొక్కని పట్టి లాగింది. లూసర్న్ వేరు మనిషి నిలువు దిగుతుంది. గెడ్డపారతో గాని రాదు. అది చేతిలోకి వచ్చేసింది, పాలకూర కట్టలా. కింద వేరు లేదు. ఇంకోటి లాగింది. ఇంకోటి. కొన్ని గట్టిగానే ఉన్నాయి. చాలా వాటికి ఏమీ లేదు. మొన్న కోసిన గడ్డి ఆఖరి పచ్చదనమే గాని మరేం కాదు. రెండేళ్ళుగా తను కాపాడుకుంటున్న చేను కింది నుంచి ఎప్పుడో పోయింది. ఎవరూ చెప్పలేదా అంటే అందరూ చెప్పారు. మొగుడు చెప్పాడు. ఎండకి కమిలిన ఆ కుర్రమ్మాయి చెప్పింది. ఒనేసిమో కూడా చెప్పాడు. వెటకారంగా చెప్పినంత మాత్రాన అబద్ధం అయిపోదు.

అంతసేపూ ఒకరి మీదా ఇంకొకరి మీదా విసురుతున్న కోపం విసరడానికి ఇంక ఎవరూ దొరక్క ఆమె మీదికే తిరిగింది. మొక్కల్ని నేలకేసి కొట్టింది. కళ్ళల్లో నీళ్ళొస్తే వాటి మీద కూడా కోపమొచ్చింది.

మధ్యాహ్నానికి కోతయంత్రం విప్పేసి, కొట్టంలో దుమ్ము పట్టిన రెక్కల నాగలి తగిలించింది. ఎంత లోతు దిగుతుందో అంత లోతూ దింపింది. పొడిగా ఉన్న ఎగువ సగం నుంచి మొదలుపెట్టింది. బురద సగం ఆరాక చూసుకోవచ్చు. ఈసారి నాగలి దింపేముందే డోయినా గట్టున కొట్టం రేకులు వరసగా పాతి వచ్చింది. నాగలి వెనక నల్లటి పెళ్ళలు బోర్లపడ్డాయి, గూళ్ళూ గదులూ బాటలూ తలకిందులయ్యాయి. కొంగలు మళ్ళీ దిగాయి. పైన గద్దలు రెండు గిరికీలు కొట్టాయి.

మూడో చాలులో ఉండగా ఒనేసిమో వచ్చాడు. కారు బాట మీద ఆపి, మంచి బూట్లతో పెళ్ళల మీద తూలుతూ ట్రాక్టరు పక్కన నడవసాగాడు. ఆమె ఆపలేదు. చాలు చివరిదాకా ఆయన అలాగే నడిచాడు, అరుస్తూ.

"కాపలావాళ్ళొచ్చారు. నువ్వే కదా పిలిచింది? ఊరి సంగతి ఊళ్ళో తేల్చుకోవాలి గాని..."

ఆమె మలుపులో ఇంజను ఆపింది.

"ఏమన్నారు?"

"గట్టు మీద గింజంతా ఏరమన్నారు. చేత్తో. నన్నూ, మా అన్న కొడుకునీ. నా వయసెంత, నా నడుం వంగుతుందా?"

"మోకాళ్ళెయ్యి. క్రిస్మస్ దాకా టైముంది."

ఒనేసిమో ఆమె వైపు, తర్వాత దున్నిన నేల వైపు చూశాడు. పెదవి ఒక పక్కకి లాగాడు. "మరి ఇదేంటి? ఈ పనేదో సభ రోజునే చేసుంటే ఇంత రభస ఉండేది కాదుగా. మేం చెబితే చేదు."

"నువ్వు చెప్పావని దున్నడంలేదు. నాకు తెలిసొచ్చి దున్నుతున్నా," అంది బెనిల్దె. "నేను తప్పు చేశా, నా చేను పోయింది. నువ్వు తప్పు చేశావు, నా పావురాలు పోయాయి. నీదేం పోయింది? బూట్లు తప్ప."

ఇంజను ఆన్ చేసింది. ఆయన ఇంకేదో అన్నాడు, వినబడలేదు.

*

ఆ తర్వాత చాలా పొద్దులు బెనిల్దె డోయినా మళ్ళో మోకాళ్ళ మీద గడిపింది. ప్రతి కన్నాన్నీ పొద్దున మట్టితో మూసేది. సాయంత్రం మళ్ళీ తెరుచుకున్నవాటి దగ్గర బోను పెట్టేది. నీళ్ళు బకెట్లతో మోసి పోసేది. కుక్కల్ని గట్టు మీద కాపలా పెట్టేది. డోయినా అవతలి వరసలో అదే పని చేసేది. మొదట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఓ రోజు ఎండ మండిపోతుంటే డోయినా పుచ్చకాయ కోసి ముక్క ఆమె ముందు పెట్టి వెళ్ళింది. బెనిల్దె తిని, గింజలు తన చేతి రుమాల్లో కట్టుకుని లేచింది. అంతే. మిరప సగం దక్కింది. క్యారెట్లు దక్కలేదు. నీళ్ళు దొంగిలించినందుకు సంఘం బెనిల్దెకి ఆ యేటి మిగతా వంతులన్నీ రద్దు చేసింది. ఒనేసిమోని మాత్రం మందలించి వదిలేశారు. ఆ మాట విన్న రోజున ఆమె కొట్టంలో నాగలి రెక్కని సుత్తితో కొట్టి సాగదీస్తూ, పొద్దు వాలేదాకా ఆపలేదు.

శరదృతువులో నీటి సంఘం సాలుసరి సమావేశం జరిగింది. పొలం కాగితాల్లో తెయోదులో పేరుంది కాబట్టి ఓటు అతనిది, మాట్లాడేది ఆమె. డోయినా కౌలుదారు, ఆమెకి ఓటూ లేదు, కుర్చీ కూడా లేదు. తలుపు దగ్గర నిలబడింది.

బెనిల్దె లేచి మూడు విషయాలు అడిగింది. ఏ చేలోనైనా ఎలుకలు మొదలైన వారంలోనే, ఎవరి వంతుతోనూ పని లేకుండా, ఆ చేనికి ముంచడానికి నీళ్ళివ్వాలి, పక్క చేలవాళ్ళకి ముందు చెప్పాలి. మందు కన్నంలో తప్ప పెట్టకూడదు. ఐదేళ్ళు దాటిన లూసర్న్ ఎవరిదైనా సరే దున్నాల్సిందే. మూడోది చెబుతున్నప్పుడు ఆమె గొంతు గరుకుగా వచ్చింది. వెనక ఎవరో "పుట్టిల్లు" అన్నారు. ఆమె వినిపించుకోలేదు.

"మంచి ఆలోచనలు. పరిశీలిద్దాం," అన్నాడు ఒనేసిమో. "తర్వాతి అంశం..."

అప్పుడు తెయోదులో లేచాడు. కర్ర జారి ముందు కుర్చీకి తగిలి చప్పుడైంది. అన్న మాటకి అడ్డుచెప్పడం అతని జీవితంలో లేదు. చిన్నప్పుడు ఒనేసిమో తినేసిన ఆపిల్‌పళ్ళకి తను దెబ్బలు తిన్నవాడు.

"ఓటుకి పెట్టు అన్నా."

"కూర్చో తెయోదులో, నీ తుంటి నొప్పెడుతుంది."

"పెడుతోంది. అందుకే త్వరగా పెట్టు. చేతులు లెక్కపెట్టేదాకా నేను కూర్చోను."

హాల్లో కుర్చీలు కదిలాయి. తర్వాత బీటుదుంప వేసే ఓ ముసలాయన చెయ్యెత్తాడు, ఆయన వెనక ఇంకొందరు. మూడూ నెగ్గాయి, మూడోది అన్నిటికంటే ఎక్కువ చేతులతో. కౌలుదార్లకి కూడా సంఘంలో మాట ఉండాలని బెనిల్దె నాలుగోది అడిగితే అది మాత్రం ఓడిపోయింది. చెయ్యెత్తినవాళ్ళు తెయోదులోతో కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

బయట చలిగాలి మొదలైంది. తెయోదులో కర్ర మీద బరువంతా వేసి నడుస్తున్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నెగ్గాం కదే, ఇంకా ఆ మొహమేంటి?"

"ఏం నెగ్గాం? ఆ పిల్ల తలుపు దగ్గరే నిలబడింది ఆఖరిదాకా," అంది బెనిల్దె. వెనక్కి తిరిగి, "డోయినా, వచ్చేయేడు మళ్ళీ అడుగుతా. నువ్వూ రా. కుర్చీ ఇంటి నుంచి తెచ్చుకుందాం," అని కేకేసింది.

డోయినా స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ ఆగింది. "రెండు తెండి. నాకున్నది ఒక్కటే, దాని కాలు ఊగుతుంది," అంది.

"ఊగేది మా ఆయనకి వేద్దాం," అని బెనిల్దె మొగుడి మోచెయ్యి పట్టుకుని, అతని నడకకి తగ్గట్టు అడుగు తగ్గించి, ఒనేసిమోని ఇంకా తిట్టుకుంటూ ఇంటి దారి పట్టింది.